నాలుగు వైపులూ తొంభై అయితే చాలదు: మన మైదానంలో బేస్‌బాల్ డైమండ్ గీయడం ఎలా

మొదటిసారి మేం డైమండ్ గీసినప్పుడు నాలుగు వైపులా టేపు పట్టి మరీ కొలిచాం. నాలుగూ సరిగ్గా 90 అడుగులే. ముగ్గు పోసి, చేతులు దులుపుకుని, టీకి బయల్దేరుతుంటే పక్కన గోడ పని చేస్తున్న ముసలి మేస్త్రీ ఒకాయన అడిగాడు: "పక్కలు కొలిసినారు సరే బాబూ, మూలకి మూల కొలిసినారేటి?" కొలవలేదు. వెనక్కి వచ్చి కొలిస్తే ఒక ఐమూల 125 అడుగులు, రెండోది 129న్నర. మేం గీసింది చతురస్రం కాదు, పక్కకి వాలిపోయిన గాలిపటం. పొద్దున్నుంచి పడ్డ కష్టమంతా చెరిపేసి మళ్ళీ మొదలెట్టాం.

ఆ మేస్త్రీ మాటే ఈ పనంతటికీ ఆధారం. పేరుకి డైమండ్ అంటారు కానీ, అది ఒక మూల మీద నిలబెట్టిన చతురస్రం, అంతే. ఒక మూలన బ్యాటర్, అంటే బంతి కొట్టేవాడు, నిలబడే హోమ్ ప్లేట్; అక్కడి నుంచి కుడివైపుగా చుట్టి వస్తే మిగతా మూడు మూలల్లో ఫస్ట్, సెకండ్, థర్డ్ బేస్‌లు. హోమ్ ప్లేట్ దగ్గర నిలబడి చూస్తారు కాబట్టి పేకముక్క మీది డైమన్ గుర్తులా కనిపిస్తుంది. దాన్ని పక్కల నుంచి కాకుండా ఐమూల నుంచి మొదలుపెట్టి గీస్తే తప్పు జరగడానికి దారే ఉండదు. ఎలాగో చెబుతాను.

స్థలం ఎంత కావాలి

డైమండ్ ఒక్కటే 90 అడుగుల చదరం, అంటే 8,100 చదరపు అడుగులు. విశాఖ లెక్కలో చెప్పాలంటే సరిగ్గా 900 గజాలు, పద్దెనిమిదిన్నర సెంట్లు. ఇది చూసి "ఓస్, ఇంతేనా" అనుకోకండి. అసలు స్థలాన్ని మింగేది ఔట్‌ఫీల్డ్, అంటే డైమండ్ దాటాక కంచె దాకా ఉండే నేల. నిబంధనల ప్రకారం హోమ్ ప్లేట్ నుంచి కంచె దాకా కనీసం 250 అడుగులు ఉండాలి. హోమ్ ప్లేట్ నుంచి ఫస్ట్, థర్డ్ బేస్‌ల మీదుగా కంచె దాకా సాగే రెండు పక్క గీతల వెంట 320, మధ్యలో 400 అడుగులు ఉంటే మంచిదని అవే చెబుతాయి. దానికి తోడు హోమ్ ప్లేట్ వెనక 60 అడుగుల ఖాళీ ఉండాలన్నది సిఫార్సు. అన్నీ కలిపితే మూడెకరాల పైమాటే.

ఏయూ (ఆంధ్ర విశ్వవిద్యాలయం) మైదానాల్లాంటి పెద్ద చోటు దొరికితే సరే. కాలనీ గ్రౌండే గతి అయితే హోమ్ ప్లేట్‌ని ఒక మూలకి తోసేయండి. క్రికెట్‌లా మధ్యలో పెట్టే ఆట కాదిది. రెండు గీతలూ గ్రౌండు రెండు గోడల వెంటే పరుగెత్తుతాయి కాబట్టి చదరపు గ్రౌండుకి మూల చక్కగా సరిపోతుంది. ఇంకో లాభం కూడా ఉంది. మధ్యలో ఉన్న క్రికెట్ పిచ్ జోలికి మనం పోం, మన జోలికి వాళ్ళు రారు. అయినా గీతలు గీసే ముందు క్రికెట్ ఆడే కుర్రాళ్ళకి ఓ మాట చెప్పండి. పిచ్ మీద ఒక్క మేకు కనిపించినా గొడవే.

ఆర్కే బీచ్ ఇసుకలో గీద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. పిల్లలకి బేస్‌ల వరస చూపించడానికి బాగుంటుంది. ఆటకి పనికిరాదు, నేలబారుగా వచ్చిన బంతి ఇసుకలో అక్కడే చచ్చిపోతుంది.

ఎటు తిప్పాలి

చాలామంది పట్టించుకోని విషయం ఇది, నా లెక్కలో మాత్రం కొలతలంత ముఖ్యం. హోమ్ ప్లేట్ నుంచి పిచర్ (బ్యాటర్‌కి బంతి విసిరేవాడు) మీదుగా సెకండ్ బేస్‌కి వెళ్ళే గీత తూర్పు-ఈశాన్యంగా ఉంటే మంచిదని నిబంధనల్లో ఉంది. ఫోన్ కంపాస్‌లో సుమారు 67 డిగ్రీలు. సాయంత్రం ఆటలో పొద్దు బ్యాటర్ వీపు వెనక ఉండాలన్నది ఉద్దేశం.

ఇక్కడే మన ఊరి చిక్కు వస్తుంది. మే, జూన్‌లలో మనం ఆడేది పొద్దున్నే. ఎనిమిది దాటితే ఉక్కకి ఎవరూ నిలబడలేరు. ఆ నెలల్లో విశాఖలో సూర్యుడు ఉదయించేది కూడా దాదాపు 65 నుంచి 75 డిగ్రీల మధ్యే. అంటే పుస్తకంలో ఉన్నట్టు గీస్తే, ఆరున్నరకి పొద్దు సరిగ్గా పిచర్ తల వెనక నుంచి బ్యాటర్ కళ్ళలోకి కొడుతుంది. గట్టి బంతి, అంత వేగం, కళ్ళలో ఎండ! కాబట్టి సమ్మర్ క్యాంపు కోసమే గీస్తుంటే గీతని ఉత్తరానికి తిప్పండి. అప్పుడు పొద్దున ఎండ కుడి పక్క నుంచి, సాయంత్రం ఎండ ఎడమ పక్క నుంచి వస్తాయి. థర్డ్ బేస్ నుంచి ఫస్ట్ బేస్‌కి విసిరేవాడు పొద్దున తూర్పుకే చూడాల్సి వస్తుంది, నిజమే. ఎవరో ఒకరి కళ్ళలో ఎండ పడక తప్పదు. అది బ్యాటర్, అతని వెనక బంతి పట్టే క్యాచర్ల కళ్ళు కాకుండా చూసుకుంటే చాలు.

సముద్రాన్ని చూసి దిక్కు అంచనా వేయకండి. బీచ్ రోడ్డులో సముద్రం తూర్పునే ఉందని అనుకుంటాం కానీ, మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా సాగుతుంది. సముద్రానికి ఎదురుగా నిలబడితే మీరు చూస్తున్నది ఆగ్నేయం. కంపాసే వాడండి, అదీ ఇనుప గేటుకి దూరంగా నిలబడి.

ఏమేం తెచ్చుకోవాలి

యాభై మీటర్ల ఫైబర్ టేపులు రెండు. వంద అడుగుల టేపు చాలదు, ఎందుకంటే మన ఐమూల 127 అడుగులు. రెండుసార్లుగా కలిపి కొలిస్తే మధ్యలో అంగుళాలు జారిపోతాయి. ఆరంగుళాల ఇనుప మేకులు ఓ పాతిక, సుత్తి, గట్టి నైలాన్ దారం (కొబ్బరితాడు సాగుతుంది, వద్దు), మేస్త్రీలు వాడే మూలమట్టం, రసమట్టం, కాస్త ఎర్ర రిబ్బను. పూర్ణా మార్కెట్ వైపు వెళ్తే ఒక్క పూటలో అన్నీ దొరుకుతాయి.

గీతలకి సున్నం వద్దు. ఈ ఆటలో నేల మీద జారుతూ బేస్‌ని తాకుతారు. సున్నం కళ్ళలో పడితే ఆసుపత్రే. ముగ్గుపిండి వాడండి. మన ఇళ్ళల్లో సంక్రాంతి నెలంతా ముగ్గులు పెట్టే చేతులు ఉన్నాయి కదా, వాళ్ళని పిలవండి. దారం వెంట సన్నగా, తెగకుండా ముగ్గు పోయడం మగపిల్లలకి చేతకాదు, నేను చాలామందిని చూశాను.

అసలు పని: ఒక మేకు, రెండు టేపులు

హోమ్ ప్లేట్ వెనక కొన ఎక్కడ రావాలో అక్కడ ఒక మేకు కొట్టండి. ఇక నుంచి దాన్ని మూలమేకు అందాం. ఈ మైదానంలో ప్రతి కొలతా దీని దగ్గర నుంచే.

మీరు అనుకున్న దిక్కుకి టేపు లాగి, 127 అడుగుల 3⅜ అంగుళాల దగ్గర రెండో మేకు కొట్టండి. మీటర్లలో 38.80. ఇది సెకండ్ బేస్ నడిబొడ్డు. ఈ రెండు మేకుల మధ్య దారం బిగించి అలాగే ఉంచండి, తర్వాత పని ఉంది.

ఇప్పుడు ఒక టేపు సున్నాని మూలమేకుకి, ఇంకో టేపు సున్నాని సెకండ్ బేస్ మేకుకి తగిలించండి. రెండు టేపుల మీదా 90 అడుగుల గుర్తులు (27.43 మీటర్లు) పట్టుకుని కుడివైపు నడవండి. రెండు గుర్తులూ ఒకదాన్నొకటి తాకిన చోట ఫస్ట్ బేస్ మేకు. ఎడమవైపు అలాగే చేస్తే థర్డ్ బేస్ మేకు. టేపుని ప్రతిసారీ ఒకే మనిషి, ఒకే బిగువుతో లాగాలి. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైతే టేపు విల్లులా వంగి అంగుళం తేడా వస్తుంది కాబట్టి ఈ పని పొద్దున్నే ముగించండి.

చివరికి ఫస్ట్ నుంచి థర్డ్‌కి టేపు పట్టండి. అక్కడ కూడా 127 అడుగుల 3⅜ అంగుళాలు రావాలి. అర అంగుళం అటూ ఇటూ అయితే వదిలేయండి. రెండంగుళాలు తేడా వచ్చిందంటే ఏదో మేకు కదిలింది, మళ్ళీ కొలవాలి. ఇంకా అనుమానంగా ఉంటే మేస్త్రీల మూడు-నాలుగు-ఐదు లెక్క ఉండనే ఉంది. మూలమేకు నుంచి ఒక గీత మీద 30 అడుగులు, రెండో గీత మీద 40 అడుగులు గుర్తు పెడితే, ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా 50 రావాలి.

బేస్‌లు మేకు మీద కూర్చోవు

ఇక్కడ కొత్తవాళ్ళంతా పొరబడతారు. సెకండ్ బేస్ మాత్రమే మేకు నడినెత్తిన కూర్చుంటుంది. ఫస్ట్, థర్డ్ బేస్‌లు పూర్తిగా చతురస్రం లోపలే ఉండాలి. బేస్ మూల మేకుని తాకాలి, దాని బయటి అంచు గీతతో కలిసిపోవాలి. 1887 నుంచీ ఇదే పద్ధతి. బేస్ గీత లోపల ఉంటే దాన్ని తాకిన బంతి ఆటలో ఉన్నట్టే, అంపైర్‌కి తలనొప్పి ఉండదు.

బేస్ 15 అంగుళాల చదరం. అమెరికా మేజర్ లీగ్‌లో 2023 నుంచి 18 అంగుళాలు చేశారు. మేకులు ఎక్కడివి అక్కడే ఉన్నాయి కానీ బేస్ పెద్దదైంది కాబట్టి హోమ్ నుంచి ఫస్ట్‌కి పరుగు 3 అంగుళాలు, ఫస్ట్ నుంచి సెకండ్‌కి నాలుగున్నర అంగుళాలు తగ్గింది. మనకి 15 చాలు. గోనెసంచిలో ఇసుక నింపి కుట్టినా పని జరుగుతుంది, కాకపోతే జారేటప్పుడు కాలు మెలికపడకుండా పల్చగా కుట్టండి.

హోమ్ ప్లేట్ వేరే జాతి. అయిదు పలకల తెల్ల రబ్బరు ముక్క. ముందు అంచు 17 అంగుళాలు, రెండు పక్కలా ఎనిమిదిన్నర, అక్కడి నుంచి కొన దాకా చెరో 12. ఆ కొన మూలమేకు మీద, 12 అంగుళాల అంచులు రెండూ రెండు గీతల మీద కూర్చోవాలి. లెక్కల మాస్టార్లు ఇక్కడ పట్టుకుంటారు: లంబకోణం దగ్గర రెండు భుజాలూ 12 అయితే కర్ణం వర్గం 288 రావాలి, 17 వర్గం 289 కదా అని. నిజమే, ఆ కొలతలతో ఖచ్చితమైన లంబకోణం రాదు. తేడా అంగుళంలో ముప్పయ్యో వంతు. ప్లైవుడ్ ముక్క కోసి తెల్లరంగు వేసుకునే మనకి రంపపు కోతలోనే అంతకంటే ఎక్కువ పోతుంది. అంచులు గరుకుకాగితంతో బాగా రుద్దండి.

పిచర్ దూరం, దిబ్బ

బిగించి ఉంచిన దారం ఇప్పుడు పనికొస్తుంది. మూలమేకు నుంచి దారం వెంట 60 అడుగుల 6 అంగుళాలు (18.44 మీటర్లు) కొలవండి. పిచింగ్ రబ్బర్, అంటే పిచర్ కాలు ఆనించి బంతి విసిరే పలక, దాని ముందు అంచు అక్కడ. రబ్బర్ 24 అంగుళాల పొడవు, 6 వెడల్పు. కొలత ప్లేట్ వెనక కొన నుంచి, ముందు అంచు నుంచి కాదు. ముందు అంచు నుంచి కొలిస్తే పిచర్ 17 అంగుళాలు వెనక్కి పోతాడు. ఒక సీజనంతా మా పిచర్ చెయ్యి నొప్పని గోలపెడితే, వాడికి వంక చెప్పడం అలవాటని తిట్టాం. తప్పు వాడిది కాదు, టేపు పట్టిన నాది.

సరిచూసుకోవడానికి ఒక కిటుకు. ఫస్ట్ నుంచి థర్డ్‌కి ఇంకో దారం కట్టండి. రెండు దారాలు కలిసే చోటు చతురస్రం నడిమధ్య. రబ్బర్ అక్కడ ఉంటుందనే అందరూ అనుకుంటారు. ఉండదు. దాని ముందు అంచు నడిమధ్య కంటే మూడడుగుల పైచిలుకు హోమ్ వైపే ఉంటుంది. మీ రబ్బర్ దారాలు కలిసిన చోటే కూర్చుంటే, ఎక్కడో కొలత తప్పిందన్నమాట. మన క్రికెట్ వికెట్ల మధ్య దూరం 66 అడుగులు కాబట్టి, కంటికి అలవాటైన దూరం కంటే కాస్త దగ్గరగానే కనబడుతుంది, కంగారుపడకండి.

దిబ్బ, అదే మౌండ్, పోయాలా వద్దా అన్నది గ్రౌండుని బట్టి. సాయంత్రం వాకింగ్‌కి వచ్చేవాళ్ళు, ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు ఉన్న చోట మధ్యలో మట్టికుప్ప పోస్తే ఊరుకోరు. పిల్లల ఆటకి చదునైన నేల చాలు. మీకంటూ సొంత స్థలం ఉండి పూర్తి కొలతలతో చేస్తే ఇలా చేయండి.

మూలమేకు నుంచి 59 అడుగుల దగ్గర మేకు కొట్టి, 9 అడుగుల దారంతో గుండ్రంగా గీయండి. రబ్బర్ పైభాగం హోమ్ ప్లేట్ కంటే 10 అంగుళాలు ఎత్తులో ఉండాలి. 1968 దాకా 15 అంగుళాలు ఉండేది, పిచర్ల దెబ్బకి బ్యాటర్లు నిలబడలేకపోవడంతో 1969లో తగ్గించారు. ఎత్తు చూడటానికి మేస్త్రీలు వాడే నీళ్ళ పైపు మేలు. ఒక కొస ప్లేట్ దగ్గర, రెండో కొస దిబ్బ మీద పట్టుకుంటే తేడా అక్కడే తెలుస్తుంది. పైన 5 అడుగుల వెడల్పు, ముందు నుంచి వెనక్కి 34 అంగుళాల మేర చదునుగా ఉంచండి: రబ్బర్ ముందు 6 అంగుళాలు, రబ్బర్ 6, వెనక 22. రబ్బర్‌కి ఆరంగుళాల ముందు నుంచి వాలు మొదలవుతుంది, అడుగుకి అంగుళం చొప్పున ఆరడుగుల దాకా. తర్వాతి నాలుగడుగులు కూడా అదే వాలుతో దింపితే సరిగ్గా గీత దగ్గర నేలలో కలిసిపోతుంది.

మట్టి నా లెక్కలో దిమ్మిస కొట్టాక 90 ఘనపుటడుగుల దరిదాపుల్లో పడుతుంది, వదులు మట్టి ఇంకాస్త ఎక్కువ తెప్పించండి. బంక ఉన్న ఎర్రమట్టి కావాలి. రెండేసి అంగుళాల పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టి, మళ్ళీ పోయాలి. ఒక్కసారే కుప్ప పోసి పైన తడిపితే మొదటి వానకే జావ అవుతుంది. ఎర్రమట్టి అనగానే భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు గుర్తొస్తాయి కానీ, అవి భౌగోళిక వారసత్వ స్థలం, అక్కడ పిడికెడు కూడా తవ్వకూడదు. ఇళ్ళ పునాదులకి మట్టి తోలే ట్రాక్టర్‌వాళ్ళని అడగండి.

ప్లేట్ చుట్టూ గీతలు

బ్యాటర్ నిలబడే పెట్టెలు ప్లేట్‌కి అటొకటి ఇటొకటి. ఒక్కోటి 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు, బయటి అంచు నుంచి బయటి అంచుకి. ప్లేట్ పక్కకీ పెట్టెకీ మధ్య 6 అంగుళాలు. పొడవు ప్లేట్ మధ్య నుంచి ముందుకి 3 అడుగులు, వెనక్కి 3 అడుగులు. ప్రతి ఆటలోనూ ముందు చెరిగేది ఇదే కాబట్టి రీపర్లతో 4×6 చట్రం ఒకటి కొట్టించి పెట్టుకోండి, నిమిషంలో పని అయిపోతుంది. క్యాచర్ పెట్టె 43 అంగుళాల వెడల్పు, దాని వెనక గీత మూలమేకు నుంచి 8 అడుగులు.

తర్వాత మూలమేకు నుంచి ఫస్ట్ బేస్ మేకు మీదుగా కంచె దాకా ఒక దారం, థర్డ్ మీదుగా ఇంకోటి. ఇవే ఫౌల్ లైన్లు. ముగ్గు దారానికి లోపలి వైపు పోయండి, ఎందుకంటే గీత మందం కూడా ఆటలో భాగమే. వాలీబాల్‌లో గీత మీద పడ్డ బంతి లోపలే కదా, ఇక్కడా అంతే. బ్యాటర్ పెట్టెలో ఈ గీత గీయరు, పెట్టె దాటాకే మొదలవుతుంది. గాలి ఉంటే ముగ్గు పోసే ముందు నేల మీద కాస్త నీళ్ళు చల్లండి.

హోమ్ నుంచి ఫస్ట్‌కి వెళ్ళే దారిలో రెండో సగం, అంటే చివరి 45 అడుగులు, గీతకి బయట 3 అడుగుల దూరంలో సమాంతరంగా ఇంకో గీత ఉంటుంది. పరుగెత్తేవాడి దారి అది. ఇక పచ్చిక, మట్టి వేరుచేసే వంపు కావాలంటే రబ్బర్ దగ్గర నుంచి 95 అడుగుల దారంతో తిప్పాలి. మన గ్రౌండుల్లో పచ్చికే అరుదు కాబట్టి నేను దాన్ని గీయను.

పిల్లలకి, అమ్మాయిల సాఫ్ట్‌బాల్‌కి

పన్నెండేళ్ళ లోపు పిల్లలకి 90 అడుగులు పెడితే పరుగులో సగం మంది కూర్చుండిపోతారు. పిల్లల బేస్‌బాల్ నడిపే లిటిల్ లీగ్ వాళ్ళ కొలతలు వాడండి: బేస్‌ల మధ్య 60 అడుగులు, పిచర్ దూరం 46, ఐమూల 84 అడుగుల 10¼ అంగుళాలు. పద్ధతి అదే, అంకెలే వేరు. ప్లేట్ మాత్రం పెద్దవాళ్ళదే, 17 అంగుళాలు. కాలేజీ అమ్మాయిల సాఫ్ట్‌బాల్‌కి కూడా బేస్‌లు 60 అడుగులే, పిచర్ దూరం 43, దిబ్బ ఉండదు. ఒకే గ్రౌండులో రెండూ ఆడతారంటే మూలమేకు ఒకటే ఉంచి, రెండు చతురస్రాలకీ వేర్వేరు రంగు రిబ్బన్ల మేకులు కొట్టండి.

ఇంటికెళ్ళే ముందు

బేస్‌లు తీసేశాక మేకులు పీకకండి, నేలమట్టానికి ఇంకో అంగుళం లోపలికి దించండి. తలకి రిబ్బను కట్టి కొస మాత్రం పైకి కనిపించేలా వదలండి. మేకు తల బయట ఉంటే మర్నాడు వట్టికాళ్ళతో ఆడే పిల్లాడికి గుచ్చుకుంటుంది. తర్వాత మూలమేకు నుంచి కదలని గుర్తులు రెండింటికి, అంటే గేటు స్తంభం, లైటు స్తంభం లాంటివాటికి, దూరం కొలిచి ఫోన్‌లో రాసుకోండి. చెట్టుని గుర్తుగా పెట్టుకోకండి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక ఈ ఊళ్ళో చెట్లని నమ్ముకుని కొలతలు రాసుకునే ధైర్యం నాకు లేదు. వానలకి రిబ్బన్లు కొట్టుకుపోయి గడ్డి మొలిచినా, ఆ రెండు దూరాలూ టేపు పట్టి కలిపితే మూలమేకు దొరుకుతుంది. అది దొరికితే మిగతా డైమండ్ అరగంట పని.